పడవ ముక్కు మీద కొబ్బరికాయ

కొబ్బరికాయ ఎంచడంలో వెంకటసుబ్బారావుని మించినవాడు బెజవాడ మొత్తంలో లేడు. ఇది పొగడ్త కాదు, కృష్ణ ఘాటు దగ్గర కొట్లవాళ్ళు ఆయన్ని తిట్టుకుంటూ చెప్పే మాట. తెల్లారేసరికి వచ్చి, బుట్టలో కాయలన్నీ ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టి ఊపి, పీచు దువ్వి, కళ్ళు నొక్కి చూసి, చివరికి మొదట చేతిలోకి తీసుకున్న కాయే పట్టుకుపోతాడు. ఇరవైమూడేళ్ళుగా రోజుకో కాయ. ఇన్ని వేల కాయల్లో కుళ్ళింది ఒక్కటీ లేదని ఆయన గొప్ప. డెబ్భైమూడేళ్ళ మనిషి, చెప్పుకోవడానికి ఇంకేం మిగిలింది గనక, చెప్పుకోనివ్వండి.

ఆ కాయ గుడికి కాదు, పడవకి. కృష్ణలో బ్యారేజీకి ఎగువన, భవానీ ద్వీపం చుట్టూ, ఇబ్రహీంపట్నం పొగగొట్టాలు కనపడేదాకా జనాన్ని తిప్పుకొచ్చే పడవల్లో ‘విహారి’ అని ఒకటుండేది. పక్కనున్న ఫైబరు బోట్లు ప్లాస్టిక్ బొమ్మల్లా తేలుతుంటే, ఇది మాత్రం యాభై అడుగుల పొడుగున, బరువుగా, కాస్త కోపంగా నీళ్ళని కోసుకుంటూ పోయేది. కోపం ఉండదా మరి! అది పుట్టింది షికార్లకి కాదు, యుద్ధానికి. విశాఖపట్నంలో నేవీవాళ్ళ గస్తీ పడవ. డెబ్భై ఒకటి యుద్ధంలో సముద్రం మీద తిరిగిన పడవ. ముసలిదయ్యాక వేలంలో అమ్మితే, బెజవాడ ఆసామి ఒకాయన కొని, పైనున్న గదులు కోయించి, పెద్ద ట్రెయిలరు మీద రోడ్డున పట్టుకొచ్చి కృష్ణలో దింపాడు. తుపాకీ బిగించిన గుండ్రటి దిమ్మ మీద ఐస్‌క్రీమ్ ఫ్రిజ్ పెట్టాడు. బూడిద రంగు మీద నీలం, నీలం మీద పసుపు, పసుపు మీద రెండు హంసలు వేయించాడు. గన్ను చుట్టూ నావికులు నిలబడ్డ చోట కొత్త జంటలు సెల్ఫీలు తీసుకునేవాళ్ళు.

వెంకటసుబ్బారావు ఆ పడవకి ఇంజను మేస్త్రీ. సరంగు వేరే, యేసుకుమార్ అని నలభై దాటిన మనిషి, చుక్కాని అతని చేతిలో ఉండేది. ఇద్దరికీ బాబాయ్, అబ్బాయ్ అని పిలుపు.

రోజూ మొదటి ట్రిప్పుకి ముందు సుబ్బారావు చెప్పులు విప్పి పడవ ముక్కు దగ్గరికి వెళ్ళేవాడు. అక్కడ ఎడమ పక్కన చాటంత చోటు ఉంది. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూలు వేసి, కర్పూరం వెలిగించి, ఆ ఇనప అంచుకే కాయ కొట్టేవాడు. నీళ్ళు పసుపునీ కుంకాన్నీ కలుపుకుని, లంగరు గొలుసు దిగే కన్నంలోంచి కింది అరలోకి జారిపోయేవి. నిన్నటి పూలు తీసి నదిలో వేస్తే పాపమని, వాటినీ ఆ కన్నంలోకే తోసేవాడు. రెండు చిప్పల్లో ఒకటి నదిలోకి వదిలి, రెండోది సంచిలో వేసుకుని సాయంత్రం పటమటలో ఇంటికి తీసుకెళ్ళేవాడు.

“మా ఇంట్లో పండక్కీ కొబ్బరి పచ్చడే, తద్దినానికీ కొబ్బరి పచ్చడే” అనేది భార్య రామతులసి. “ఆ పడవ ఈయనకి మొదటి పెళ్ళాం. దాని ఎంగిలి నాకు తెచ్చిపెడతాడు” అని ఇరుగుపొరుగుతో నవ్వేది. నవ్వేది గానీ, ఒక చిప్ప ఎందుకు నదిలో వదులుతారని అడిగితే ఆయన మాట మార్చేసేవాడు. అడిగీ అడిగీ ఊరుకుంది.

ఏటా దసరా ముందు పడవకి రంగులు. పాత రంగు గీకి, తుప్పు రాల్చి, ఎర్రమందు పూసి, ఆ మీద కొత్త రంగు వేయాలి. ఈ పనిలో సుబ్బారావు రాక్షసుడు. ఎక్కడైనా గీకకుండా రంగు వేశారో, ఆ కూలీవాడి వంశం మొత్తాన్నీ లేపి మాట్లాడేవాడు. కానీ ముక్కు దగ్గర ఆ చాటంత చోటుని మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

“అది అమ్మవారి బొట్టురా. బొట్టు గీకుతార్రా ఎవరైనా? చుట్టూ వేసి వదిలెయ్.”

వాళ్ళూ భక్తిగానే వదిలేసేవాళ్ళు. ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వచ్చే సర్వేయర్లూ అంతే. సుత్తితో పడవ ఒళ్ళంతా కొట్టుకుంటూ వచ్చి, ఆ పసుపు దగ్గరికి వచ్చేసరికి సుత్తి చంకలో పెట్టుకుని, దణ్ణం పెట్టుకుని, అవతలి పక్కకి వెళ్ళిపోయేవాళ్ళు. దేవుడున్న చోట సుత్తి దెబ్బ వేసే చెయ్యి మన దగ్గర ఎవరికుంది?

ఇంతకీ ఈ కాయ కథ ఏమిటో చెప్పాలి.

సుబ్బారావుది కంకిపాడు పక్కన పల్లె. వరి మడిలో నడుం వంచడం ఇష్టంలేక పద్దెనిమిదో ఏట నేవీలో చేరాడు. ఇంజను గదిలో పడేశారు. ఆ నూనె కంపు, ఆ చప్పుడు ఆయనకి స్వర్గంలా ఉండేది. అదే పడవ మీద, తాళ్ళూ లంగరూ చూసే పనిలో, పటమట కుర్రాడు రామ్మూర్తి ఉండేవాడు. ఆ పడవలో తెలుగు మాట్లాడే నోళ్ళు ఆ రెండే. ఒకే కృష్ణ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళు, ఒకే ఈడు. ఒకరి చొక్కా ఒకరు వేసుకునేవాళ్ళు. పడవకి పేరు లేదు, నంబరే. ముప్ఫై ఏడు. “మన ముప్ఫై ఏడు” అనుకునేవాళ్ళు.

పడవకి పెద్ద ఒక మలయాళీ ఆయన. గస్తీకి బయల్దేరేముందు ముక్కు మీద కొబ్బరికాయ కొట్టందే కదలనిచ్చేవాడు కాదు. కాయ తెచ్చే పని సుబ్బారావుకి అప్పగించాడు. ఆ డిసెంబరులో యుద్ధం మొదలైన మూడో నాడో నాలుగో నాడో, కుర్రాళ్ళిద్దరికీ మెస్సు తిండి సహించలేదు. ఇల్లు గుర్తొచ్చింది. రామ్మూర్తి ఎక్కణ్ణుంచో ఇంత బెల్లం ముక్క సంపాయించాడు. మర్నాటికని తెచ్చి పెట్టిన కాయ ఎదురుగా ఉంది. “పొద్దున్నే ఇంకోటి కొందువుగానీ పగలగొట్టరా” అన్నాడు. పగలగొట్టారు. చెరో చిప్ప పంచుకుని, బెల్లంతో కొరుక్కు తిన్నారు. అంత రుచి మళ్ళీ ఎరగనని సుబ్బారావు తర్వాత ఎప్పుడో అన్నాడు.

పొద్దున కొట్లు తీయకముందే ఆర్డరొచ్చింది. రేవు బయట ఇంజను చెడి కొట్టుకుపోతున్న సరుకు బల్లకట్టుని లాక్కురావాలి. “కాయ ఏది?” అన్నాడు పెద్దాయన. సుబ్బారావు తల దించుకున్నాడు. ఆయన, “సరే, వచ్చాక కొడదాం” అన్నాడు. రేవు దాటాక అలలు ఎత్తుగా ఉన్నాయి. పడవ ముక్కు నుంచి బల్లకట్టుకి కట్టిన ఇనప తాడు బిగుసుకుని, బిగుసుకుని, ఫట్టున తెగింది. తెగిన కొస వచ్చి ముక్కు దగ్గర నిలబడ్డ రామ్మూర్తికి తగిలింది. ఎడమ పక్కన పడ్డాడు. రేవు చేరేలోగానే పోయాడు. యుద్ధంలో వీరమరణం అని కాగితాల్లో రాశారు. శత్రువన్నవాడు కనుచూపు మేరలో లేడు.

కబురు చెప్పడానికి సెలవు పెట్టి పటమట వెళ్ళింది సుబ్బారావే. రామ్మూర్తి తల్లి రాజ్యలక్ష్మి గారు ఏడవలేదు. కొడుకు ఉత్తరాల్లో అన్నీ రాసేవాడు, పెద్దాయన కాయ సంగతి కూడా. ఆవిడ ఒక్కటే అడిగింది.

“ఆ పూట కాయ కొట్టారా నాయనా?”

“కొట్టామండీ” అన్నాడు సుబ్బారావు.

పంతొమ్మిదేళ్ళ వయసులో ఆడిన ఆ రెండు క్షణాల అబద్ధం ఆయన్ని జీవితమంతా తినేసింది. నేవీ నుంచి వచ్చేశాక పటమటలోనే మోటారు రిపేరు షాపు పెట్టాడు. ఆవిడ పోయేదాకా ఆ వీధి వైపు వెళ్ళకుండా చుట్టు తిరిగి పోయేవాడు. ఒకనాడు ఎవరో, నదిలోకి నేవీ పడవ వచ్చిందంటే చూడబోయాడు. లోపలి గోడకి నీలం రంగు ఇంకా వేయలేదు. బూడిద రంగు మీద ముప్ఫై ఏడు అంకె. అక్కడే కూలబడ్డాడు. వారం తిరక్కుండా షాపు తాళం ఇంకొకరికిచ్చి, సగం జీతానికి ఇంజను మేస్త్రీగా చేరాడు. చేరిన మొదటి పొద్దున, రామ్మూర్తి పడ్డ చోట, మొదటి కాయ కొట్టాడు. వాడి చిప్ప వాడికి నదిలో వదిలాడు. ఆ తల్లికి చెప్పిన మాటని రోజుకొక కాయతో నిజం చేద్దామనుకున్నాడు పిచ్చివాడు.

పాత ఆసామి పోయాక పడవ ఆయన కొడుకు హర్షవర్ధన్ చేతికి వచ్చింది. మంచి కుర్రాడే గానీ వ్యాపారస్థుడు. స్పీకర్లు పెట్టించి, “శత్రు నౌకలను గడగడలాడించిన వీరనౌక” అని రికార్డు వేయించాడు. పిల్లలొచ్చి, “తాతగారూ, మీరెన్ని షిప్పులు ముంచారు?” అని అడిగితే సుబ్బారావు, “ఒక్కటీ లేదమ్మా. ఒక బల్లకట్టుని లాగబోయాం, అదీ రాలేదు” అనేవాడు. పిల్లల మొహాలు మాడిపోయేవి. హర్షవర్ధన్ మొహం ఇంకా మాడేది.

నిరుడు పెద్ద వరదలు వచ్చి పోయాక నది మీద రూల్స్ బిగిశాయి. పాత ఇనప పడవలన్నిటికీ కొత్తగా సర్వే అన్నారు. ఈసారి వచ్చింది ఉషశ్రీ అని ముప్ఫై అయిదేళ్ళ సర్వేయరు. సర్టిఫికెట్ వస్తే పడవ నడుస్తుంది, రాకపోతే తుక్కు కింద పోతుంది. మధ్యేమార్గం లేదని హర్షవర్ధన్ ముందే చెప్పాడు. సుబ్బారావు ఆ వారం రోజులూ నిద్రపోలేదు. ఇంజను విప్పి కడిగి మళ్ళీ బిగించాడు. సర్వే నాటి కాయ ఎంచడానికి అరగంట పట్టింది. కొట్టువాడు చేతులు జోడించాడు.

ఉషశ్రీ పని శ్రద్ధగా చేసింది. ఇనుము మందం చూసే మిషను పట్టుకుని, పడవ వెనకనుంచి మొదలుపెట్టి, ఒక్కో రేకూ కొట్టి చూసింది. టంగుటంగుమని మోగుతుంటే సుబ్బారావు ఆమె వెనకే నడుస్తూ, ప్రతి చప్పుడికీ తల ఊపాడు. “బాగా మెయింటైన్ చేశారు పెద్దాయనా. కొత్త పడవలే ఇంత బాలేవు” అంది. ఆయన మొహం చిన్నపిల్లాడిలా వెలిగింది.

ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగింది. అప్పుడే కొట్టిన కాయ నీళ్ళు ఇంకా తడిగా ఉన్నాయి.

“ఇక్కడ గీకలేదేంటండీ?”

“అమ్మవారండీ మేడమ్” అన్నాడు యేసుకుమార్.

ఆమె చెప్పులు విప్పింది. కుంకుమ వేలికి అద్దుకుని కళ్ళకి ఆనించుకుంది. అందరిలాగే ఈవిడా దాటి పోతుందనుకున్నాడు యేసుకుమార్. ఆమె మాత్రం, “అమ్మా, తప్పయితే క్షమించు తల్లీ” అని, సుత్తి ఎత్తి ఆ బొట్టు మీద కొట్టింది.

మోగలేదు. తడి అట్ట మీద కొట్టినట్టు థప్పుమంది. రెండో దెబ్బకి సుత్తి లోపలికి దిగిపోయింది.

లోపల లంగరు గొలుసు అర తెరిపించి టార్చి వేశారు. ఇరవైమూడేళ్ళ పూలు, పీచు, పసుపు, కుంకుమ కలిసి నల్లటి బురదయి గొలుసుని మింగేసి ఉంది. నీళ్ళు బయటికి పోవాల్సిన చిన్న బెజ్జం కొబ్బరి పీచుతో పూడిపోయింది. రోజూ కొట్టిన కాయ నీళ్ళు అక్కడే నిలిచి, ఎండకి పులిసి, రేకుని లోపల్నుంచి కొరుక్కుంటూ పోయాయి. మిషను పెట్టి చూస్తే తుప్పు పడవ అడుగున వెన్నెముకలాంటి దూలం కూడా దాటి మూడు గజాలు పాకింది. ఏటా సర్వేకి ముందు గొలుసు అర శుభ్రం చేయడం సుబ్బారావు పనే. పూజ నీళ్ళు తొక్కకూడదని ఆయన అందులోకి ఎప్పుడూ దిగలేదు, ఎవర్నీ దిగనివ్వలేదు.

“ఒక ప్లేటు వేసి వెల్డింగ్ కొట్టించేస్తాను మేడమ్, రెండ్రోజుల పని” అన్నాడు హర్షవర్ధన్.

“వెల్డింగ్ పట్టడానికి ఇనుము ఉండాలిగా బాబూ” అంది ఉషశ్రీ. “అరవై మంది ఎక్కుతారు దీన్ని. నది నడుమ ఆ రేకు విడిచిందంటే లైఫ్ జాకెట్లు వేసుకునేంత టైమ్ కూడా ఉండదు. ఎవరు గీకొద్దన్నది?”

యేసుకుమార్ నేల చూపులు చూశాడు. “తెలీదు మేడమ్, పాత కూలీలు...” అని ఏదో మొదలుపెట్టాడు.

“నేనేనమ్మా” అన్నాడు సుబ్బారావు. “నేనే గీకనివ్వలేదు.”

ఆమె ఆయన వంక చూసింది. తిట్టాలనుకున్నట్టుంది, తిట్టలేకపోయింది. సర్టిఫికెట్ ఇవ్వడానికి లేదని కాగితం మీద రాసుకుని దిగిపోయింది. హర్షవర్ధన్ మాత్రం, “ఎంత పని చేశారు సుబ్బారావుగారూ! కూడు పెట్టే పడవని చేతులారా చంపేశారు కదండీ!” అని తలపట్టుకున్నాడు. ఉన్నమాటే.

ఆ సాయంత్రం ఆయన వట్టి సంచితో ఇల్లు చేరాడు.

“చిప్పేదండీ?” అంది రామతులసి.

ఆయన అరుగు మీద కూర్చుని, దాదాపు యాభై ఏళ్ళ కాపురంలో మొదటిసారి, కాయా బెల్లం దగ్గర్నుంచి మొత్తం చెప్పాడు. చెప్తూ చెప్తూ ఏడ్చాడు. “కొట్టక వాణ్ణి పోగొట్టుకున్నాను, కొట్టి పడవని పోగొట్టుకున్నాను. వాడు పడిన చోటు పదిలంగా ఉండాలనే గదే ఎవర్నీ ముట్టుకోనివ్వంది. దాన్ని నా చేత్తోనే కుళ్ళబెట్టుకున్నాను” అన్నాడు.

రామతులసి పక్కన కూర్చుని అంది. “ఆ తల్లికి ఆవేళే నిజం చెప్పుండాల్సింది మీరు.”

“చెప్తే తిట్టేది.”

“తిట్టేది. తిట్టి, ఏడ్చి, ఊరుకునేది. మీరూ ఊరుకునేవాళ్ళు.”



నెల తిరక్కుండా పడవని క్రేను పెట్టి ఒడ్డుకి లాగించారు. కోయడానికి తుక్కువాళ్ళు నలుగురు గ్యాసు సిలిండర్లతో వచ్చారు. సుబ్బారావుని రావద్దని యేసుకుమార్ ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆయన వచ్చి, దూరంగా మెట్ల మీద కూర్చున్నాడు. తుక్కువాళ్ళు కోత మొదలుపెట్టేముందు సిలిండర్లకి బొట్లు పెట్టి, అగరొత్తులు వెలిగించి, కొబ్బరికాయ బయటికి తీశారు. నిప్పుతో పని, ఊరికే మొదలుపెట్టరు. వాళ్ళ మేస్త్రీ అటూ ఇటూ చూసి, తెల్లజుట్టు మనిషి కనపడేసరికి కాయ పట్టుకొచ్చి చేతిలో పెట్టాడు.

“పెద్దవారు, మీ చేత్తో కొట్టండి బాబూ. మావాళ్ళకి దెబ్బలు తగలకుండా.”

“వద్దులే బాబాయ్, నేను కొడతా” అని, అక్కడే ఉన్న యేసుకుమార్ వచ్చి చెయ్యి చాపాడు.

సుబ్బారావు ఇవ్వలేదు. కాయని చెవి దగ్గర పెట్టి ఊపాడు, అలవాటు ఎక్కడికి పోతుంది. ఇక మీదట కాయ ముట్టకూడదని నెలరోజులుగా ఒట్టు పెట్టుకుంటున్న మనిషి. కానీ నిప్పు దగ్గరికి పోయేది ఎవరి కొడుకులో. కొట్టకపోతే, వీళ్ళలో ఒకడికి ఏదైనా అయితే, ఏ తల్లికి ఏం చెప్తాడు? లేచాడు. మేస్త్రీ పడవ ముక్కు చూపించాడు, అక్కడ కొట్టమని. ముక్కు మీద సుత్తి చేసిన కన్నం అలాగే ఉంది, చుట్టూ పసుపు ఇంకా పోలేదు.

సుబ్బారావు అటు వెళ్ళలేదు. పది అడుగులు ఇవతలకి జరిగి, ఘాటు మెట్టు మీద తువ్వాలు మడిచి పరిచి, దాని పక్క రాతికి కాయ కొట్టాడు. నీళ్ళు చిందకుండా రెండు చేతులా పట్టి, తువ్వాలులోకి వంచాడు. ఒక్క చుక్క కూడా పడవ వైపు పోనివ్వలేదు.

“అబ్బాయ్, బెల్లం ముక్క దొరుకుతుందేమో చూస్తావా?” అన్నాడు యేసుకుమార్‌తో.

యేసుకుమార్ ఎందుకని అడక్కుండా టీ కొట్టు దాకా వెళ్ళి తెచ్చాడు. సుబ్బారావు బెల్లాన్ని రెండుగా విరిచాడు. పెద్ద ముక్క ఒక చిప్పలో పెట్టి, మెట్లు దిగి నీళ్ళలో వదిలాడు. రెండోది పట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చుని కొరకబోతే పళ్ళు ఆనలేదు. వెనక గ్యాసు మంట అందుకుంది. ముక్కు దగ్గర్నుంచే మొదలుపెట్టారు, అక్కడ ఇనుము పల్చగా ఉంది, త్వరగా తెగుతుందని.